మామయ్య క్యాసెట్టు వెనక్కి పాడుతోంది

పాటల పెట్టె: పాఠకుల ప్రశ్నలు, బరంపురం నుంచి జవాబులు

ఈసారి పదకొండు ఉత్తరాలు వచ్చాయి. ఆరుగురు పాత సినిమా పాటల క్యాసెట్లు అమ్ముతారా అని అడిగారు. అమ్మను. గేట్ బజారు దగ్గర నా దుకాణం ఇరవై ఏళ్ళు నడిచి 2006లో మూతపడింది. ఇప్పుడు అక్కడ ఫోను తొడుగులు అమ్ముతున్నారు. మిగిలిన ఐదింటిలో గుణుపురం ఉత్తరానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. తక్కినవారు ఏమీ అనుకోవద్దు, చదివితే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మా మేనమామ రెండేళ్ళ కిందట పోయారు. 1990ల్లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో చదువుకుని, తిరిగి వచ్చి ఇక్కడే పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయారు. పెళ్ళి చేసుకోలేదు. ఆయన ట్రంకు పెట్టె అమ్మ నాకు ఇచ్చింది. అందులో నలభైకి పైగా సీడీలు ఉన్నాయి. ‘గైడెడ్ బై వాయిసెస్’ అనే బృందం ఆల్బమ్ ‘బీ థౌజండ్’ అట్ట ఒక్కటే బాగా నలిగి ఉంది కాబట్టి ముందు అదే విన్నాను. వెనక బుసబుసమని చప్పుడు. పాటలు మొదలైనట్టే ఉండి అయిపోతాయి. మొదటి పాటలోనే గిటారు మధ్యలో మాయమై మళ్ళీ వస్తుంది. ఇది దొంగ కాపీనా? కంప్యూటర్‌లో పెట్టి శుభ్రం చేయవచ్చా? ఇంకొక సంగతి. అదే పెట్టెలో ‘గుణుపురం 2’ అని మామయ్య చేతిరాతతో ఒక క్యాసెట్టు ఉంది. ఒక వైపు గిటారు చాలా నెమ్మదిగా, నూతిలోంచి వస్తున్నట్టు మోగుతుంది. రెండో వైపు ఒక మగ గొంతు ఏ భాషో తెలియకుండా పాడుతుంది. అది విని అమ్మ భయపడి, క్యాసెట్టును వంశధారలో వదిలేయమంటోంది. ఏమి చేయాలి? (ఒక పాఠకుడు, గుణుపురం)

జవాబు: ముందు అమ్మగారికి నా నమస్కారం చెప్పి, వంశధారలో ఏదీ వదలవద్దని చెప్పండి. ఆ గొంతు చాలావరకు మీ మామయ్యదే. భాష తెలుగే కావచ్చు. పాట చివరి నుంచి మొదటికి వస్తోంది, అంతే. ఎందుకలా వస్తోందో చెబుతాను గానీ, ముందు సీడీ సంగతి తేల్చుకుందాం. ఆ రెండూ ఒకే కథ అని నా అనుమానం.

1999 ఆగస్టులో ఒక కుర్రవాడు ఇదే ఆల్బమ్ నా దుకాణానికి తెచ్చి, సీ-60 క్యాసెట్టులోకి ఎక్కించమన్నాడు. ఆల్బమ్ ముప్పై ఆరు నిమిషాలు. సీ-60లో ఒక వైపు ముప్పై నిమిషాలే. మధ్యలో విరిచి రెండో వైపుకు తిప్పడం నాకు ఇష్టం ఉండదు, అందుకని సీ-90 తీసుకోమన్నాను. ఒక వైపు నలభై ఐదు నిమిషాలు. మొత్తం ఎక్కాక ఇంకా తొమ్మిది నిమిషాలు మిగులుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదలుపెట్టాను. మొదటి పాట సగంలో గిటారు పోయింది. వైరు ఊడిందనుకుని జాక్ పీకి, తుడిచి, మళ్ళీ పెట్టి మొదటి నుంచి ఎక్కించాను. మళ్ళీ అక్కడే పోయింది. సీడీ తీసి చొక్కా అంచుతో తుడిచాను. మళ్ళీ అక్కడే. బల్ల మీద మోచేతులు ఆనించి చూస్తున్న కుర్రవాడు అప్పుడు నోరు విప్పాడు. “అది అంతేనండి. వాళ్ళే అలా వదిలేశారు.”

నాకు కోపం వచ్చింది. ఆ ముక్క ముందే చెప్పవచ్చు కదా! తరువాత ఆలోచిస్తే వాళ్ళ మీద కూడా కోపం వచ్చింది. తప్పు తెలిసి దిద్దుకోకుండా అమ్మడం ఏమిటి? కుర్రవాడు వెళ్ళాక నాకోసం కూడా ఒక కాపీ తీసి పెట్టుకున్నాను. (అది నేరమే. ఆ తరువాత అసలు సీడీ కొని ప్రాయశ్చిత్తం చేసుకున్నాను.) నాలుగైదుసార్లు విన్నాక కోపం పోయింది. ఇప్పుడు ఆ చోట గిటారు పోకపోతే నాకు తోచదు.

కాబట్టి మీది దొంగ కాపీ కాదు. ఆ ఆల్బమ్ పుట్టుకే అంత. గైడెడ్ బై వాయిసెస్ ఒహాయోలోని డేటన్ ఊరి బృందం. పాటలు ఎక్కువగా రాసి పాడిన రాబర్ట్ పొలార్డ్ బడిపంతులు, నాలుగో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పేవాడు. పగలు బడి, సాయంత్రం స్నేహితులతో ఏదో ఒక ఇంటి నేలమాళిగలోనో గ్యారేజీలోనో పాటలు. 1980ల నుంచి సొంత డబ్బుతో రికార్డులు వేసుకుంటూ వచ్చారు. పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1992లో ‘ప్రొపెల్లర్’ అనే ఆల్బమ్ 500 కాపీలు వేసి, ప్రతి కాపీ అట్టనూ విడివిడిగా చేత్తో తయారు చేశారు. ఇప్పుడు అవి సేకర్తల కంటబడితే వదలరు. 1994లో స్కాట్ రికార్డ్స్ అనే చిన్న సంస్థ నుంచి మీ దగ్గరున్న ‘బీ థౌజండ్’ వచ్చింది. ఇరవై పాటలు. లెక్క కట్టండి, ఒక్కొక్కటి రెండు నిమిషాలు కూడా లేదు. మన సినిమా పాటలో పల్లవి ముందు వచ్చే సంగీతం ముగిసేసరికి వీళ్ళ పాట ముగింపుకు వస్తుంది. అప్పటికి పొలార్డ్‌కు ముప్పై ఆరేళ్ళు. రాక్ పాటగాడు పేరు తెచ్చుకునే వయసు కాదు, పిల్లల ఫీజుల గురించి ఆలోచించే వయసు. అందులో ఒక పాట పేరు ‘గోల్డ్ స్టార్ ఫర్ రోబాట్ బాయ్’. బుద్ధిమంతుడైన పిల్లవాడికి పంతులు అంటించే బంగారు నక్షత్రం అన్నమాట.

ఇంకొక తమాషా. మనిషి ఒహాయోవాడు, పాడేటప్పుడు మాత్రం ఇంగ్లండువాడి యాస వస్తుంది. 1960ల బ్రిటిష్ బృందాల పాటలు విని పెరిగిన ప్రభావం. మన వినాయక చవితి పందిట్లో బరంపురం కుర్రవాళ్ళు ఘంటసాల గొంతు పెట్టి పాడరూ, అలాగన్నమాట. నవ్వు వస్తుంది, కానీ రాగం మంచిదైతే కాసేపటికి నవ్వు ఆగిపోతుంది. ఈయన రాగాలు మంచివి. చప్పుడు తీసేసి, మంచి వాద్యగాళ్ళను కూర్చోబెట్టి అవే పాటలు పాడించినా నిలుస్తాయి. ఇది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోనక్కరలేదు.

ఇలాంటి బృందాల పాటలను ఇండీ అంటారు. అంటే ఏమిటని ఇంకెవరైనా ఉత్తరం రాయకుండా ఇక్కడే చెప్పేస్తాను. మన ఊళ్ళో కవులు లేరూ? ప్రచురణకర్త దొరక్క, ప్రావిడెంటు ఫండులోంచి తీసి ఐదు వందల కాపీలు అచ్చు వేయించుకుని, సగం కనబడినవాళ్ళకల్లా సంతకం పెట్టి పంచి, మిగతా సగం మంచం కింద పెట్టుకునేవాళ్ళు? సంగీతంలో అదే పని చేసేవాళ్ళను ఇండిపెండెంట్ అన్నారు. పెద్ద కంపెనీల చేతి కింద లేనివారని అర్థం. పొట్టిగా ఇండీ. తరువాత తరువాత అది ఒక బాణీకి పేరైపోయింది. పెద్ద కంపెనీ డబ్బుతో చేసి కూడా ఇండీ అని చెప్పుకునేవాళ్ళు వచ్చారు. ఈ బృందం మాత్రం మంచం కింద కట్టలు పెట్టుకున్న కాలం చూసినదే.

ఇక శుభ్రం చేయడం. వద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి చేసి చెంపలు వేసుకున్నాను. 1992లో ఒక పెద్దాయన వాళ్ళ అమ్మ పాడిన మంగళహారతుల క్యాసెట్టు తెచ్చి, అన్నదమ్ములు నలుగురికీ నాలుగు కాపీలు కావాలన్నాడు. బుస ఎక్కువగా ఉంది. మంచి పేరు తెచ్చుకుందామని పై స్వరాలు బాగా తగ్గించి ఎక్కించాను. బుస పోయింది. వారం తరువాత ఆయన నాలుగూ వెనక్కి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ‘మా అమ్మ గాజులు ఏవండీ?’ అన్నాడు. హారతి పళ్ళెం తిప్పుతూ పాడేటప్పుడు ఆవిడ గాజులు మోగేవట. బుస ఏ పై స్వరాల్లో ఉంటుందో గాజులూ అక్కడే ఉంటాయి. ఒకటి తీస్తే రెండోది పోతుంది. డబ్బు పుచ్చుకోకుండా మళ్ళీ నాలుగూ చేసి ఇచ్చాను. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు నా గుండీల కంటే తెలివైనవే, కానీ ఏది గాజో ఏది బుసో వాటికి మీరే చెప్పాలి. డేటన్ పంతులుగారి ఆల్బమ్‌లో అది చెప్పడం మీ తరం కాదు, నా తరమూ కాదు.

ఇప్పుడు ‘గుణుపురం 2’. మరి ఒక్కసారి కూడా దాన్ని మోగించకముందే ఒక పని చేయండి. క్యాసెట్టు వెనక అంచున రెండు మూలల్లో రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు ఉంటాయి. ఉంటే విరిచేయండి. ఇక ఎవరైనా పొరపాటున రికార్డు మీట నొక్కినా దిగదు. తరువాత పెన్సిలు పెట్టి చక్రం కొంచెం తిప్పి, ముందు వైపు కనబడే టేపును చూడండి. వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆ కాస్త వెడల్పులో నాలుగు బాటలు ఉన్నాయి. మామూలు టేపు రికార్డర్ వాటిలో రెండింటిని ఎ వైపు పాడేటప్పుడు వాడుకుంటుంది, ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి. క్యాసెట్టు తిప్పి పెడితే టేపు ఎదురు దిశలో నడుస్తుంది, అప్పుడు మిగిలిన రెండు బాటలు. రోడ్డులో సగం వెళ్ళే బస్సులకు, సగం వచ్చే బస్సులకు అన్నట్టు.

1979లో టియాక్ కంపెనీ పోర్టాస్టూడియో అనే యంత్రం తెచ్చింది. సూట్‌కేసులో పట్టేంత. దానిలో నాలుగు బాటలూ ఒకే దిశలో నడుస్తాయి. మొదటి బాట మీద గిటారు ఎక్కించి, అది వింటూ రెండో బాట మీద డప్పో డోలకో, మూడో దాని మీద గొంతు, నాలుగో దాని మీద ఇంకో గొంతు. మనిషి ఒక్కడే, నలుగురి కచేరీ. స్టూడియోకు గంటకు ఇంత అని కట్టలేనివాళ్ళ పాలిట కల్పవృక్షం. అలాంటివి తరువాత చాలా కంపెనీలు చేశాయి. చవక రకాలు మామూలు వేగంతోనే నడిచేవి. కొన్ని మాత్రం ధ్వని బాగుండాలని టేపును రెండింతల వేగంతో నడిపేవి. మామూలు వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు, వాటిది తొమ్మిదిన్నర. డేటన్ పంతులుగారూ మిత్రులూ పాటలు ఎక్కువగా ఎక్కించుకున్నది ఇలాంటి నాలుగు బాటల యంత్రాల మీదే.

ఇప్పుడు మీకు వెలిగి ఉంటుంది. మీ మామయ్య టేపు మామూలు రికార్డర్‌లో పెడితే ఎ వైపు మొదటి రెండు బాటలే వినబడతాయి, అదీ సగం వేగంతో. అందుకే గిటారు నూతిలోంచి వస్తోంది. తిప్పి పెడితే మూడూ నాలుగూ బాటలు వస్తాయి, కానీ అవి కూడా ముందుకే ఎక్కించినవి కదా, ఎదురు నడకలో తలకిందులుగా పలుకుతాయి. దయ్యమూ లేదు, పరభాషా లేదు. ఒహాయోలో చదువుకునే రోజుల్లో ఆ పక్క ఊరి పంతులు చేసిన ఆల్బమ్ విని, ‘ఇదేదో నేనూ చేయగలను’ అనుకుని ఆ యంత్రం ఒకటి సంపాదించి ఉంటారు మీ మామయ్య. అట్ట నలిగింది ఊరికే కాదు.

విడదీయడం మీరే చేయవచ్చు. మంచి టేపు రికార్డర్ ఒకటి అరువు తెచ్చుకోండి. దాని హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు వైరు కలిపి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి రెండు వైపులూ పూర్తిగా ఎక్కించండి. బి వైపును ‘రివర్స్’ చేయండి. రెండింటి వేగమూ పెంచండి. తరువాత నాలుగు బాటలనూ ఒకదాని కింద ఒకటి పేర్చండి. పాట మొదట్లో ఎవరో ఒకరు ‘ఒకటి, రెండు’ అనో, కర్రతో కొట్టో లెక్క పెట్టి ఉంటారు. ఆ దెబ్బలు ఒక నిలువు గీత మీదికి తెస్తే మిగతాది సర్దుకుంటుంది. పూర్తిగా సర్దుకోదు. రెండు వైపులూ వేరువేరుగా నడిపినవి కాబట్టి రెండో నిమిషానికి కొంచెం జారతాయి. పాటకు ఒకటి రెండుసార్లు జరుపుకోవాలి. ఓపిక కావాలి.

వేగం ఎంత పెంచాలి? రెండింతలు మొదలు పెట్టండి. కానీ పాత యంత్రాలు కచ్చితంగా రెండింతలు తిరగవు, కొంచెం అటూ ఇటూ. సరిగ్గా ఎక్కడ ఆపాలో నేను చెప్పలేను, సాఫ్ట్‌వేరూ చెప్పలేదు. అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. తోడబుట్టినవాడి గొంతు ఆవిడకు తెలుస్తుంది.

ఇంకొక మాట. ‘గుణుపురం 2’ అని రాశారంటే 1 ఉండాలి. పెట్టె అడుగున పరిచిన కాగితం ఎత్తి చూడండి.

ప్రశ్న: మావారి దగ్గర నాలుగు వందల సీడీలు, నూట ఇరవై పెద్ద రికార్డులు ఉన్నాయి. ఈ మధ్య ఒకే ఆల్బమ్ సీడీ ఉండగానే రికార్డు కూడా తెప్పించారు. ధర అడిగితే దగ్గు వస్తుంది ఆయనకు. ఒకటే పాట రెండు వస్తువులుగా ఇంట్లో ఎందుకండీ? (ఒక పాఠకురాలు, పర్లాకిమిడి)

జవాబు: అమ్మా, గుడిలో మూలవిరాట్టు ఒకటి, ఉత్సవమూర్తి ఒకటి ఉంటాయి. దేవుడు ఒకడే. ఊరేగించడానికి ఒకటి, కదలకుండా ఉండడానికి ఒకటి. మీవారు చెప్పమంటే చెప్పానని అనుకోకండి, ఆయన ఎవరో నాకు తెలియదు. దగ్గు సంగతి మాత్రం నాకు బాగా తెలుసు. ఇరవై ఏళ్ళు నా బల్ల ముందు నిలబడి, కొన్న ధర ఇంట్లో ఎంత చెప్పాలో లెక్క వేసుకున్న మగవాళ్ళను చూశాను. మామూలుగా సగానికి తగ్గించి చెబుతారు. మీరు రెండుతో గుణించుకోండి.

అయితే ఆయన ఆ రికార్డులను ఎలా పెట్టారో ఒకసారి చూడండి. బీరువా మీద ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి ఉంటే మీరు కేకలు వేయడానికి న్యాయమైన కారణం దొరికినట్టే. అవి పుస్తకాల్లా నిలువుగా నిలబడాలి, వాలకుండా. పై అంతస్తు గదిలో మే నెల ఎండకు రేకు కింద పెడితే అప్పడంలా వంకర తిరుగుతాయి. ఒకసారి వంగిన రికార్డును సరిచేసినవాణ్ణి నేను చూడలేదు. గాజు పలకల మధ్య పెట్టి ఎండలో ఉంచమని ఎవరో చెబుతారు, వినకండి.

ప్రశ్న: మాది సముద్రం పక్కన ఇల్లు. వానాకాలం వచ్చేసరికి క్యాసెట్ల టేపు మీద తెల్లగా బూజు పడుతోంది. కర్పూరం బిళ్ళలు వేశాను, తగ్గలేదు. రబ్బరు చక్రం కీచుమంటుంటే కుట్టుమిషను నూనె వేశాను. తప్పా? (ఒక పాఠకుడు, గోపాల్‌పూర్)

జవాబు: తప్పే. నూనె వేసిన చక్రం టేపును పట్టుకోలేదు, జారుతుంది, ఆ నూనె టేపుకు అంటుతుంది. మెత్తటి గుడ్డను సబ్బునీళ్ళలో తడిపి గట్టిగా పిండి, దానితో చక్రం తుడవండి. టేపు రాసుకుంటూ నడిచే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూది పుల్లతో తుడవండి. బూజు పట్టిన క్యాసెట్టును మంచి రికార్డర్‌లో పెట్టవద్దు. ఆ బూజు హెడ్‌కు, అక్కడి నుంచి తరువాత పెట్టే ప్రతి క్యాసెట్టుకూ పాకుతుంది. గాలి చొరని డబ్బాలో, కొత్త బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు పడేసి, మూత బిగించండి. మీ ఊళ్ళో అప్పడాలు ఎన్ని రోజులకు మెత్తబడతాయో అన్ని రోజులకు ఒకసారి పొట్లాలు మార్చండి. కర్పూరం దేవుడికి ఉంచండి.

ప్రశ్న: నాకు పదిహేడేళ్ళు. సొంతంగా మూడు పాటలు కట్టాను. మాటలు తెలుగు, గిటారు వాయించే స్నేహితుడు ఒడియా, మధ్యలో ఒక చరణం మా కొరాపుట్ వైపు మాట్లాడే దేసియాలో వచ్చేసింది. స్టూడియోకు విశాఖపట్నం వెళ్ళాలంటే నాన్న డబ్బు ఇవ్వరు. ఇంటర్ పరీక్షలు అయ్యేదాకా ఆగనా? (ఒక పాఠకుడు, జయపురం)

జవాబు: నాన్నగారు ఇవ్వకపోవడమే మేలు. మీ చేతిలోని ఫోనులో నాలుగు బాటలు కాదు, నలభై బాటలు ఉంటాయి. ప్రతిధ్వని తక్కువగా ఉండే గది చూసుకోండి, పరుపులు ఉన్న గది మంచిది. ఫ్యాను ఆపండి. ఆపడం కుదరకపోతే ఆ ఫ్యాను చప్పుడుతోనే పాడండి, కొంపలు మునగవు. పాట రెండు నిమిషాలకే అయిపోతే సాగదీయకండి. దేసియా చరణం తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే, మూడింటిలో మీకు నచ్చిన చరణం అదేనా అని మిమ్మల్ని మీరు అడగండి. నాకు ఉత్తరం చదవగానే వినాలనిపించింది ఆ ఒక్కటే. పరీక్షలు కూడా రాయండి. పైన చెప్పిన పంతులు ఉద్యోగం చేసుకుంటూనే పాటలు కట్టాడు.

అన్నిటికీ తేదీ, ఊరి పేరు రాసి పెట్టండి. గుణుపురం ఉత్తరం చూశారు కదా.

ప్రశ్న: మీ సేకరణలో ఇల్లు మునిగిపోతుంటే ఒక్కటే పట్టుకుని పరుగెత్తాలంటే ఏది తీసుకుంటారు? (ఒక పాఠకురాలు, ఛత్రపురం)

జవాబు: మీకు తెలియదేమో గానీ ఆ పరీక్ష నాకు ఒకసారి దాదాపుగా జరిగింది. పైన చెప్పిన సీ-90లో ఎ వైపు చివర తొమ్మిది నిమిషాలు మిగిలాయని చెప్పాను కదా. నా కాపీలో ఆ తొమ్మిది నిమిషాలు రెండు నెలలు ఖాళీగా ఉన్నాయి. 1999 అక్టోబరు 17న గోపాల్‌పూర్ దగ్గర తుపాను తీరం దాటింది. దసరా రోజులు. పన్నెండు రోజుల తరువాత పారాదీప్ దగ్గర వచ్చిన పెద్ద తుపానుతో అందరూ మా దాన్ని మరచిపోయారు గానీ, ఆ రాత్రి బరంపురంలో ఉన్నవాళ్ళు మరచిపోలేదు. కరెంటు ముందే పోయింది. పక్కింటి రేకులు ఒక్కొక్కటే లేచిపోతున్నాయి. నిద్ర పట్టక, ఏమి తోచిందో, సెల్లులతో నడిచే చిన్న టేపు రికార్డర్‌లో చేతికి అందిన ఆ క్యాసెట్టునే పెట్టి, పాటలు అయిపోయిన చోటు దాకా నడిపి, రికార్డు మీట నొక్కి కిటికీ దగ్గర పెట్టాను.

తొమ్మిది నిమిషాల గాలి. మధ్యలో ఏదో డబ్బా వీధంతా దొర్లుకుంటూ పోతుంది. సెల్లులు పాతవి కావడంతో, ఎక్కుతున్నకొద్దీ మోటారు నెమ్మదించింది. నెమ్మదిగా ఎక్కినదాన్ని తరువాత కరెంటు మీద సరైన వేగంతో మోగిస్తే వేగంగా పలుకుతుంది. ఆ గుణుపురం గిటారుకు సరిగ్గా తిరగేసిన కథ. అందుకని చివరి రెండు నిమిషాల్లో గాలి సన్నబడి ఈల అవుతుంది. ఆ ఈలలో వంటింట్లోంచి ఒక ఆరేళ్ళ పిల్ల గొంతు వినబడుతుంది. ‘మంచినీళ్ళ బిందె లోపల పెట్టారా, లేదా?’

ఇంట్లో అప్పుడు పిల్లలు ఎవరూ లేరు. అది తన గొంతు కాదని మా ఆవిడ ఇప్పటికీ వాదిస్తుంది.